సులో బావగారి గంట

రుసుము పెట్టింది రాష్ట్రం, తిట్లు తిన్నది నేను. కోస్కి రేవులో ఎరల కొట్టు నాదొక్కటే. రొయ్యలు, గాలాలు, సీసపు గుండ్లు, వేడి కాఫీతో పాటు చేపలు పట్టే లైసెన్సులు కూడా నా కౌంటరు మీదే అమ్ముతాను. కొలంబియా నదిలో సాల్మన్ పట్టాలంటే ఆ లైసెన్సు మీద ఇంకో తొమ్మిది డాలర్లు కట్టాలని, ఆ డబ్బుతో నదిలో చేపల మంచిచెడ్డలు చూస్తారని కబురొచ్చింది. ఆ రోజు నుంచి ఊళ్ళో మగాళ్ళందరూ ఆ చట్టమేదో నేనే మా వంటింట్లో కూర్చుని రాసినట్టు నా మీద విరుచుకుపడ్డారు.

అందరికంటే ముందు గస్ టోలెఫ్సన్. గాలం వేసేవాళ్ళ సంఘానికి అధ్యక్షుడు. అతని ట్రక్కు వెనక నిలబెట్టిన పడవ ఖరీదులో నా కొట్టూ నా ఇల్లూ రెండూ వస్తాయి. ఆ పడవ అవతలి ఒడ్డుకి వెళ్ళొచ్చేలోపు తొమ్మిది డాలర్ల పెట్రోలు తాగుతుంది. అలాంటి మనిషి కౌంటరు మీద రెండు చేతులూ ఆనించి, పేదవాడి నోటి దగ్గర కూడు లాగేస్తున్నారమ్మా అని రాగం తీశాడు. ఆ పేదవాడెవరో చూపిస్తే అతని రుసుము నేనే కడతానన్నాను. గస్ నా మాట విననట్టు మిగతావాళ్ళ వైపు తిరిగి మళ్ళీ మొదట్నుంచి ఎత్తుకున్నాడు.

సరిగ్గా అప్పుడే మా బావగారు లోపలికి వచ్చారు. సులో బావగారంటే మా ఆయనకి అన్న. జీవితమంతా నదిలో టగ్గు పడవ నడిపి రిటైరయ్యారు. మాట తక్కువ, కాఫీ ఎక్కువ. మా ఆయన పోయాక ఈ కొట్టు మూతపడకుండా నిలబడిందంటే ఆయన చలవే. గస్ రాగమంతా విని, చేతులు కోటు జేబుల్లోనే పెట్టుకుని, మెల్లగా అన్నారు.

"మనందరం కలిసి పట్టేదానికంటే సముద్ర సింహాలు తినేదే ఎక్కువ. ముందు వాటి దగ్గర వసూలు చెయ్యమను. ఈ రుసుము ఉన్నంతకాలం నా గాలం ఈ నీళ్ళలో తడవదు."

కొట్టంతా చప్పట్లు. గస్ ఆయన్ని ఎత్తుకుని ఊరేగించినంత పని చేశాడు.

ఆ మాటకి అంత విలువ ఎందుకంటే, మా రేవులో పడవలున్నవాళ్ళు తక్కువ. మిగతావాళ్ళమంతా గులకరాళ్ళ తిన్నె మీద కుర్చీలేసుకుంటాం. బరువైన గుండు కట్టిన గాలాన్ని దూరంగా విసిరి, కర్రని ఇసకలో పాతిన గొట్టంలో నిలబెట్టి, కాఫీ పోసుకుంటాం. కర్ర కొసన చిన్న గంట ఉంటుంది. పని చేసేది ఆ గంటే. అది మోగితే లేస్తాం, మోగకపోతే ఊళ్ళోవాళ్ళ మీద చాడీలు చెప్పుకుంటాం. అయితే సీజను తొలిరోజున మొదటి గాలం మాత్రం బావగారిదే పడాలి. ఆయన గుండు నీళ్ళలో పడే దాకా ఇంకెవరూ కర్ర ఎత్తరు. ఆయనకి ముందు ఆ మర్యాద వాళ్ళ నాన్నది.

ఆ ఏడాది తొలిరోజు బావగారు కర్ర లేకుండా ఒట్టి కుర్చీతో వచ్చారు. ఆ కుర్చీని నదికి వీపు పెట్టి, రోడ్డు వైపు తిప్పి వేసుకున్నారు. వెనకాల నీళ్ళు, వెనకాల చేపలు, వెనకాల గంటలు. ఆయన రోజంతా మా ట్రక్కుల్ని చూస్తూ కాఫీ తాగారు. జిల్లా పత్రికవాళ్ళు వచ్చి ఫోటో తీశారు. గస్ దాన్ని పెద్దది చేయించి సంఘం గోడకి తగిలించాడు, రుసుము ఎత్తెయ్యమని రాజధానికి వెళ్ళినప్పుడల్లా చంకలో పెట్టుకుని పోయాడు. ఏళ్ళు గడిచాయి. బావగారి కుర్చీ కాళ్ళు దిగేచోట రాళ్ళలో గుంటలు పడ్డాయి.

రుసుము డబ్బు జీతంగా మా తిన్నెకి ఒక అమ్మాయి కూడా వచ్చింది, మరిసోల్ అని. పట్టిన ప్రతి చేపనీ లెక్క రాసుకునేది, తోక దగ్గర వీపు మీదుండే చిన్న రెక్కని చూసేది. రెక్క కత్తిరించి ఉంటే అది పెంపకం చేప, ఇంటికి పట్టుకెళ్ళొచ్చు. రెక్క ఉంటే నదిలో పుట్టింది, నదికే వదిలెయ్యాలి. తిన్నె మీద ఆ పిల్లతో ఎవరూ సరిగ్గా మాట్లాడేవారు కాదు. గస్ అయితే, అదిగో మన తొమ్మిది డాలర్లు నడిచొస్తోంది అనేవాడు. పిలిచి కాఫీ ఇచ్చేది బావగారొక్కరే. ఇచ్చేది అంటే ఫ్లాస్కు చూపించి, నువ్వే పోసుకో తల్లీ అనేవారు.

నాకు అనుమానం వచ్చింది ముడుల దగ్గర. గాలానికి దారం ముందే ముడేసి అమ్మే పొట్లాలు నా కొట్టులో ఉంటాయి. వాటిని కొనేవాళ్ళని, నమిలి పెట్టిన ముద్ద మింగేవాళ్ళని బావగారు జన్మంతా వెక్కిరించారు. అలాంటిది, రుసుము రాకముందు ఏడాదే ఇల్మక్క చడీచప్పుడు కాకుండా వచ్చి ఆ పొట్లాలు కొనుక్కెళ్ళేది. ఇల్మక్క ఆయన భార్య, నాకు తోడికోడలు. ఎవరికక్కా అంటే, మా చెల్లెలి మొగుడికే అనేది. ఆ చెల్లెలి మొగుడు ఉండేది అరిజోనా ఎడారిలో.

అదే ఏడాది ఒకనాడు తిన్నె మీద బావగారి గంట గలగల మోగింది. చేప పడిందని అందరం కాఫీలు పారబోసి పరిగెత్తాం. తీరా చూస్తే గాలం ఇంకా ఒడ్డు మీదే ఉంది, కర్ర ఆయన చేతిలో ఉంది. గాలి అన్నారు బావగారు. ఆకు కదలడం లేదు.

ఈ రెండూ మనసులో పెట్టుకుని ఒక మధ్యాహ్నం ఇల్మక్కని కూర్చోబెట్టి నిలదీశాను. ఆమె యాలకుల రొట్టె ముక్కని కాఫీలో ముంచింది గానీ తినలేదు.

"చేతులు వణుకుతున్నాయే. వాళ్ళ నాన్నకీ ఇంతే. ప్రాణానికేం ఢోకా లేదన్నాడు డాక్టరు. కానీ అందరూ చూస్తుండగా ఒకసారి ముడి పడక, గంట మోగించుకుంటూ నిలబడ్డాడనుకో, ఈ మనిషి ఇంక గడప దాటడు. మా మామగారు అదే చేశాడు. పోయేదాకా వంటింటి కిటికీ దగ్గరే కూర్చున్నాడు. ఈయనకీ ఆ కిటికీ రాసిపెట్టి ఉందేమోనని హడలి చస్తున్నానే సైమీ. ఆ రుసుము పెట్టిన మహానుభావులెవరో గానీ చల్లగా ఉండాలి."

అదీ సంగతి. ఊరంతా రుసుము పోవాలని సంతకాలు పెడుతుంటే, అది పదికాలాల పాటు ఉండాలని దేవుడికి దణ్ణం పెట్టుకునే మనిషి జిల్లా మొత్తానికి ఇల్మక్క ఒక్కతే. ఆ రోజు నుంచి నేను రెండోదాన్నయ్యాను. ఎవరైనా కౌంటరు దగ్గర రుసుమును తిడితే, ఇంకా పెంచాలి నాయనా అనేదాన్ని.

అంతా సజావుగా సాగుతుండగా గస్ గెలిచాడు. శాసనసభ రుసుము గడువు పొడిగించకుండా వదిలేసింది. గస్ రేవు పొడవునా ట్రక్కు హారను మోగించుకుంటూ వచ్చి, మన సులో అన్న గెలిచాడు అని నా కొట్టు ముందు కేకలు పెట్టాడు. వాడి గెలుపు మండ, మా కొంప ముంచాడు అనుకున్నాను.

ఇక సన్నాహాలు చూడాలి. తొలిరోజు పొద్దున్నే తిన్నె మీద అట్లూ, అకార్డియనూ, ఆ తరవాత సులో అన్న మొదటి గాలం. సంఘం తరఫున ఆయనకి కొత్త కర్ర, దాని మీద ఆయన పేరు, కొసన మెరిసే ఇత్తడి గంట. ఆ గంటని గస్ నా కొట్టులో మోగించి చూపించాడు. చర్చి గంటకి చెల్లెల్లా ఉంది. బావగారు మింగలేక కక్కలేక నిలబడ్డారు. ముందు నడుము పట్టేసిందన్నారు. గస్ పట్టీ తెచ్చిచ్చాడు. ఆస్టోరియాలో మా పిన్ని కొడుక్కి సుస్తీగా ఉంది, ఆ రోజు అక్కడుండాలన్నారు. ఆ పిన్ని కొడుకు వేడుక చూద్దామని తనంతట తనే ఊడిపడ్డాడు, గుండ్రాయిలా ఉన్నాడు. నా వంతు సాయంగా నేను లైసెన్సు యంత్రం చెడిపోయిందని అబద్ధమాడాను. గస్ ఆయన్ని ట్రక్కులో కుదేసి పక్క ఊరు తీసుకెళ్ళి లైసెన్సు ఇప్పించాడు.

తొలిరోజుకి ముందు మరిసోల్ సెలవు తీసుకోవడానికి వచ్చింది. రుసుముతో పాటు ఆమె ఉద్యోగమూ పోయింది. లెక్కపెట్టేవాళ్ళు లేకపోతే ఎన్ని చేపలు పోతున్నాయో తెలియదు కాబట్టి మా దగ్గర సీజనుని సగానికి తెగ్గొడతారట. ఈ మాట చెప్పేటప్పుడు బావగారు అక్కడే ఉన్నారు. ఆయన మొహం పాలిపోయింది. కాఫీ పక్కన అరలోని రొట్టె మొత్తం ఆమెకి కట్టివ్వమన్నారు. తన చేతుల వణుకు దాచుకోవడానికి పట్టిన పంతం ఇంకొకరి కడుపు కొట్టిందని ఆయనకి అప్పుడే తట్టినట్టుంది. నాకు ఆయన మీద కోపమూ వచ్చింది, జాలీ వేసింది.

తొలిరోజు తెల్లవారింది. తిన్నె మీద ఇసకేస్తే రాలనంత జనం. గస్ ఒక చిన్న ఉపన్యాసం దంచి, కర్రని రెండు చేతులా ఎత్తి బావగారి ముందు పెట్టాడు. నా పక్కన ఇల్మక్క నా చెయ్యి నలిపేస్తోంది. బావగారి చేతులు జేబుల్లోనే ఉన్నాయి. ఆయన కర్ర వైపు చూశారు, గంట వైపు చూశారు, మరిసోల్ ఎప్పుడూ నిలబడే చోటు వైపు చూశారు.

"ఇవాళ చేపల్ని లెక్కపెట్టేదెవరు?"

 ఇప్పుడా గొడవెందుకన్నా అన్నాడు గస్.

"ఇన్నాళ్ళూ ఆ పిల్ల లెక్కపెట్టింది. ఇప్పుడు నువ్వు పెడతావా? నువ్వు పట్టిన చేప తిన్నె మీంచి మీ ఇంటికెళ్ళేలోపు రెండింతలవుతుంది. తినేవాడు కట్టాలి. కట్టకుండా తినే అలవాటు సముద్ర సింహాలకుంది, నాకు లేదు. ఆ రుసుము మళ్ళీ పెట్టేదాకా నా గాలం ఈ నీళ్ళలో తడవదు."

అకార్డియను వాయించేవాడు కూడా నోరు తెరిచాడు. వద్దన్నది నువ్వే కదా అని గస్ గొంతు చించుకున్నాడు. అప్పుడు వద్దన్నాను, ఇప్పుడు కావాలంటున్నాను, మనిషన్నాక బుద్ధి రాదా అన్నారు బావగారు. కుర్చీని ఆ పాత గుంటల్లోంచి పెకలించి, ఈసారి మొహం నది వైపు, వీపు గస్ వైపు పెట్టి కూర్చున్నారు. ఇల్మక్క నవ్వో ఏడుపో తెలియని చప్పుడొకటి చేసి కొంగు లేక చేతి తొడుగు నోట్లో కుక్కుకుంది.

గస్ ఆయన్ని ద్రోహి అన్నాడు, గోడ మీంచి ఫోటో తీసేశాడు. కానీ ఆగస్టు సగంలో మా తిన్నెకి సీజను కట్టేసేసరికి గస్ పడవ ట్రక్కు వెనకాలే ఎండింది. నోరూరించే చేపలు కళ్ళ ముందే ఎగురుతూ ఎగువకి పోతుంటే ఊరంతా ఒడ్డున నిలబడి చూసింది. అప్పుడు తెలిసొచ్చింది. గస్ అదే ఫోటో దుమ్ము దులిపి మళ్ళీ చంకలో పెట్టుకుని, రుసుము పెట్టండి బాబూ అంటూ రాజధానికి పోయాడు. ఫోటోలో కుర్చీ మాత్రం రోడ్డు వైపే ఉంది. దాన్నెవరూ పట్టించుకోలేదు.

రుసుము తిరిగొచ్చింది. మరిసోల్ తిరిగొచ్చింది. దానితో పాటు మా గండమూ తిరిగొచ్చింది. రుసుము ఉంటే పట్టనన్నారు, లేకపోతే పట్టనన్నారు, ఇక మూడో సాకు ఏముంది. ఇల్మక్కా నేనూ రెండు రోజులు బుర్ర బద్దలుకొట్టుకున్నాం. చివరికి గస్ తెచ్చిన ఆ కర్రని నా కొట్టు వెనక గదిలోకి తీసుకెళ్ళి, పటకారుతో ఇత్తడి గంట నాలుక పీకేశాను. ముందే ముడేసిన పొట్లంలోని గాలాన్ని దారం చివర నేనే కట్టి ఉంచాను.

తొలిరోజు పొద్దున బావగారు అందరికంటే ముందు వచ్చి రుసుము కట్టారు. ఆయన మొహం ఉరికంబం ఎక్కేవాడిలా ఉంది. కర్ర చేతికిచ్చాను. ఆయన వేళ్ళు వణికాయి, గంట ఊగింది, చప్పుడు లేదు. ఇంకోసారి కావాలనే గట్టిగా ఊపారు. చప్పుడు లేదు.

"ఇది మోగదేం అమ్మాయ్?"

"సిగ్గుపడుతోంది బావగారూ."

ఆయన గంటని తిప్పి లోపలికి చూశారు. ఎప్పటినుంచి తెలుసు అని అడిగారు. అరిజోనాలో సాల్మన్లు ఉండవని తెలిసినప్పటినుంచి అన్నాను. ఆయన నవ్వారు. నేను మాత్రం రొయ్యల డబ్బాలు సర్దుతున్నట్టు అటు తిరిగాను.

తిన్నె మీద ఆయన గాలం విసిరారు. కాస్త పక్కకే పడింది, అయినా గుండు బుడుంగుమనగానే అందరూ చప్పట్లు కొట్టారు. కర్రని గొట్టంలో నిలబెట్టి, చేతులు జేబుల్లో పెట్టేసుకుని కుర్చీలో కూర్చున్నారు. ఇల్మక్క ఊపిరి పీల్చుకుంది. గస్ పక్కనే కుర్చీ వేసుకుని, తొమ్మిది డాలర్లు మరీ తక్కువ, పన్నెండు పెట్టించాల్సింది అని మొదలుపెట్టాడు. నువ్వు మనిషివేనా అన్నారు బావగారు. ఇద్దరూ జోరుగా వాదులాటలో పడ్డారు.

పెద్ద చేపే తగిలింది. కర్ర విల్లులా వంగింది. నాలుక లేని గంట మౌనంగా ఊగింది. మా తిన్నె మీద కర్ర వైపు చూసే అలవాటు ఎవరికీ లేదు, చెవులతోనే వేట. మొదట చూసింది మరిసోల్. తాతగారూ మీ కర్ర అని ఆమె అరిచేసరికి, అది గొట్టంలోంచి లేచి, నీళ్ళ మీద పడి, పేరుతో సహా నది మధ్యకి బయల్దేరింది.

బావగారు లేచి నిలబడ్డారు. పోతోంది, పోతోంది, పట్టండి అంటూ రెండు చేతులూ చాచి నది వైపు చూపించారు. కొసన ఇత్తడి గంట ఒకసారి మెరిసి మునిగిపోయింది. ఆయన చేతులు మాత్రం పట్టపగలు, ఊరందరి ముందు, ఎత్తినవి ఎత్తినట్టే వణుకుతున్నాయి. జేబుల్లో పెట్టుకోవడం మరిచిపోయారు. గుర్తొచ్చేసరికి ఆలస్యమైపోయింది.

 గస్ నది వైపు చూశాడు, చేతుల వైపు చూశాడు.

"అన్నా, నీ చేతులు..."

"వణుకుతాయి. చాలా ఏళ్ళయింది. పోయింది నీ కర్ర, ముందు దాని సంగతి చూడు."

ఇప్పుడు ఇంటికి వెళ్ళిపోతారు, ఆ కిటికీ దగ్గర కూర్చుంటారు అనుకున్నాను.  ఆయన ఒక్క అడుగు రోడ్డు వైపు వేశారు కూడా. గస్ వెళ్ళి తన కర్ర తెచ్చి ఆయన ముందు పెట్టాడు. దీనికి గాలం లేదు, ముడి నేను వేస్తాను, నువ్వు విసురు అన్నాడు. అతని గొంతులో ఎప్పుడూ వినని బెరుకు వినిపించింది.

బావగారు వేసిన అడుగు వెనక్కి తీసుకున్నారు.

"నీ ముడి నేను చస్తే నమ్మను. సైమీ, నీ దగ్గర ఆ ముడేసిన పొట్లాలుంటాయే, ఒకటి ఇటు పడెయ్."

అందరి ముందూ అడిగారు. నేను ఇచ్చాను. గస్ కర్రకి ఉన్నది నాలుకున్న గంట. ఆయన దాన్ని పట్టుకుని నీటి అంచు దాకా నడిచినంతసేపూ అది గలగలా మోగుతూనే ఉంది. తిన్నె మీద ఒక్కరు కూడా కుర్చీలోంచి లేవలేదు. అందరూ కాఫీ తాగుతూ, అది చేప కాదని తెలిసి, ఆయన విసిరేదాకా ఆగారు.